కృష్ణ ఒడ్డున పావు యూనిట్టు

మా ఇటిక్యాలలో ఎండకు ఎన్నడూ కొదవ లేదు. వాన కోసం దేవుళ్లకు మొక్కిన వాళ్లను చూశాను, కప్పతల్లి ఆడిన పిల్లలను చూశాను గాని, ఎండ కావాలని మొక్కినవాళ్లను పాలమూరు ప్రాంతం మొత్తంమీద ఒక్కరినీ చూడలేదు. అటువంటి ఊళ్లో ఉంటూ, నలభై ఆరేళ్ల వయస్సులో, జేబులోంచి ఇరవై ఒక్క వేలు తీసి ఎండను పట్టే సరంజామా కొన్నానంటే మీరు నవ్వుకోవచ్చు. మా ఇంట్లోవాళ్లు ఇదివరకే నవ్వారు. అయితే ఆ కొనుగోలు వెనుక ఒక రాత్రి ఉన్నది. ముందు ఆ రాత్రి సంగతి చెప్పి, తరువాత లెక్కలోకి వస్తాను.

మా అమ్మకు డెబ్బై దాటాయి. ఉబ్బసం మనిషి. చిన్నతనంలో మల్దకల్ తిమ్మప్ప జాతరకు ఎడ్లబండి కట్టుకుని వెళ్లి, మార్గశిరపు చలిలో బండి కిందనే పడుకోవడం, ఇరుసుకు వేలాడదీసిన లాంతరు రాత్రంతా మినుకుమినుకుమంటూ ఉండడం ఆమె పదేపదే చెప్పుకునే ముచ్చట్లు. "ఇప్పుడు కార్లున్నాయి గాని ఆ నిద్రేదిరా?" అంటూ ఉంటుంది. ఈ మాట ఏళ్ల తరబడి విని విని, 2024లో శివరాత్రి వెళ్లిన మర్నాడు, రెండో శనివారం సెలవు గనుక, అమ్మను, మా ఆవిడను, ఇంటరు చదువుతున్న మా అబ్బాయిని కారులో ఎక్కించుకుని సోమశిలకు బయలుదేరాను.

సోమశిల చూడనివారికి ఒక్క మాట. కొల్లాపురం దాటాక కృష్ణ అక్కడ నదిలా ఉండదు, చెరువులా ఉంటుంది. శ్రీశైలం ఆనకట్ట వెనుకనీళ్లు అంతదూరం తన్నుకొచ్చాయి. నీళ్లు పెరుగుతాయని తెలిసి పాతగుళ్లను ఊడదీసి ఎగువన మళ్లీ కట్టారు. మా వైపు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని అలంపురానికి చేర్చినది కూడా ఈ ఆనకట్ట మూలంగానే. అవతలి ఒడ్డున మరో సంగమేశ్వరుడు, తరలించనివాడు, ఏటా నీళ్లలో మునిగి వేసవిలో తేలుతూ ఉంటాడు. వేసవి ముదిరేకొద్దీ నీళ్లు వెనక్కి పోయి, ఒడ్డున మంచి మెరక నేల బయటపడుతుంది. గుడారం వేసుకోవడానికి ఏ ఇబ్బందీ ఉండదు. (ఇక్కడినుంచి తూర్పుగా పోతే నల్లమల వస్తుంది. అక్కడ అటవీశాఖ అనుమతి లేకుండా రాత్రి మకాం కుదరదు. కుర్రకారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.)

నేను తెలుగు మేష్టరును. కరెంటు విషయంలో నాకు తెలిసినదల్లా బిల్లు కట్టడం. అయినా బడాయికి పోయి, కారు బ్యాటరీకి తగిలించే చిన్న ఇన్వర్టరొకటి కొని, దాని మీద ఇంట్లోని టేబులు ఫ్యాను పెట్టాను. దోమలూ పోతాయి, అమ్మకు గాలీ తగులుతుంది. దీపం పెట్టాము. నాలుగు ఫోన్లూ ఛార్జింగుకు పెట్టాము. అమ్మ నెబ్యులైజరు, అంటే మందును పొగమంచులా చేసి పీల్పించే యంత్రం, సంచీలోనే ఉన్నది. అవసరమైతే అదే ఇన్వర్టరు మీద నడుస్తుందని నా ధీమా. చేతిలో పట్టుకుని కొట్టుకునే ఇన్‌హేలరు మాత్రం ఇంట్లో గూట్లోనే మరచిపోయాము.

రాత్రి మూడు గంటలవేళ అమ్మ లేచి కూర్చున్నది. సాయంకాలం పొయ్యి పొగ పడలేదో, నీటి ఒడ్డు చల్లదనం పడలేదో, పిల్లికూతలు మొదలైనాయి. నేను గబగబా నెబ్యులైజరు తగిలించి మీట నొక్కాను. ఇన్వర్టరు ఒక్క కేక పెట్టి ఊరుకున్నది. ఫ్యానూ ఆగిపోయింది. కొల్లాపురం ఆసుపత్రికి పోదామని కారు తాళంచెవి తిప్పితే, టిక్కు టిక్కుమన్నదే గాని ఇంజను కదలలేదు. చిమ్మచీకటి. అమ్మ రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, భుజాలెగరేస్తూ ఊపిరి లాగుతోంది. మా అబ్బాయి ఏడుపు ఆపుకుంటున్నాడు. మా ఆవిడ అమ్మ వీపు నిమురుతూ నా వంక ఒక చూపు చూసింది. ఆ చూపు గురించి వ్రాయను.

కాస్త దూరంలో ఒక దీపం వెలుగుతున్నది. సాయంత్రం వచ్చేటప్పుడు చూశాము, గొర్రెలమంద. మా పాలమూరు గొర్రెలకాపరులు వేసవిలో మేత కోసం మందలు తోలుకుని నెలల తరబడి ఊళ్లు పట్టుకుని పోతారు. మంద చుట్టూ వల కట్టి, వల పక్కనే పడుకుంటారు. మా అబ్బాయి అటు పరుగెత్తాడు. అయిదు నిమిషాల్లో ఒక పెద్దాయన, ఆయనతో ఒక పడుచువాడూ వచ్చారు. గొర్రెపిల్లలను మోసే ట్రాలీ వాళ్లకు ఉన్నది. పడుచువాడు దాన్ని మా కారు ముక్కుకు ముక్కు ఆనించి నిలిపి, ఎర్ర తీగ ఎర్రదానికి, నల్ల తీగ నల్లదానికి తగిలిస్తూ ఉంటే, పెద్దాయన నన్నడిగాడు.

"ఏం దిప్పితిరి సారూ దీని మీద?"

"ఫ్యాను. రాత్రంతా."

"రాత్రంత ఫ్యాను దిప్పితే ఇంగ బ్యాటరీల ఏం మిగుల్తది? పిల్లకు పాలిడ్వకుంట పిండుకున్నట్టాయె గద!"

కారు కదిలింది. కొల్లాపురం చేరి అమ్మకు మందు పీల్పించేసరికి నాలుగున్నర. తెల్లవారుతుండగా ఆమె తేరుకున్నది. "వాళ్ల దీపం అంతసేపు ఎలా వెలిగిందిరా?" అన్నది, తేరుకున్నాక మొట్టమొదటి మాట.

తిరిగి గుడారం దగ్గరికి వచ్చాక వెళ్లి చూశాను. కర్రకు కట్టిన చిన్న దీపం, దానికి తీగతో తగిలించిన పుస్తకమంత అద్దపు పలక. "గిది పొద్దంత ఎండ తాగుతది సారూ, రాత్రి నా మంద జూస్తది," అన్నాడు పెద్దాయన. డబ్బివ్వబోతే తీసుకోలేదు. మా ఆవిడ ఇచ్చిన పులిహోర మాత్రం తీసుకున్నాడు.

ఇంటికి వచ్చాక డాక్టరు చేత చీవాట్లు తిన్నాను. ఇన్‌హేలరు, దానికి తగిలించే స్పేసరు అనే గొట్టం, ఈ రెంటికీ కరెంటుతో పనిలేదు, ఉబ్బసం మనిషి గుమ్మం దాటితే అవి సంచీలో ఉండి తీరాలి అన్నాడాయన. ఈ వ్యాసంలో ఇంకేమి మరచిపోయినా ఆ మాట మరువకండి. ఆ తరువాత మా కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పే మిత్రుణ్ణి పట్టుకున్నాను. ఆయన నా కథంతా విని, కాగితం కలం తీసి, "ముందు నువ్వు కడవ ఎంతదో, ధార ఎంతదో తెలుసుకోవోయ్," అన్నాడు.

వాటు అన్నది ధార. వాటుగంట అన్నది కడవ. వెయ్యి వాటుగంటలైతే మన బిల్లులోని ఒక యూనిట్టు. మా కారు బ్యాటరీ 12 వోల్టులు, 35 ఆంపియరుగంటలు. రెంటినీ గుణిస్తే 420 వాటుగంటలు. అరయూనిట్టు కూడా కాదు. ఇంటి టేబులు ఫ్యాను 50 వాట్లు తాగుతుంది. ఇన్వర్టరు మధ్యలో దళారీ గనుక తన వాటా తాను తింటుంది, కలిపి 60 అనుకోండి. రాత్రి తొమ్మిది నుంచి మూడు వరకు ఆరు గంటలు, 360 వాటుగంటలు. ఇక దీపమూ, నాలుగు ఫోన్లూ. కడవ అడుగంటిందా లేదా!

పైగా కారు బ్యాటరీ ఈ పనికి పుట్టినది కాదు. జాతరలో గుండు ఎత్తే పహిల్వాను ఉంటాడు, ఒక్క దెబ్బకు గుండు భుజం మీదికి ఎత్తి పడేస్తాడు. అతన్ని పట్టుకుని పొద్దస్తమానం కావడి మోయమంటే మర్నాటికి మంచమెక్కుతాడు. కారు బ్యాటరీ అలాంటిది. ఇంజను కదిలించడానికి కొద్ది క్షణాలపాటు వందల ఆంపియర్లు ఇస్తుంది. తరువాత ఇంజను నడుస్తున్నంతసేపు తిరిగి నింపించుకుంటుంది. దాన్ని అడుగంటా తోడితే లోపలి సీసపు రేకులు పాడవుతాయి. మా బ్యాటరీ ఆ శివరాత్రి తరువాత మూడు నెలలకే మూలబడ్డది. కావడి మోసే జాతి వేరే ఉన్నది, దాన్ని కొనాలి.

ఆ తరువాత మిత్రుడు అడిగిన ప్రశ్న నాకు బాగా నచ్చింది. "ఎంత కరెంటు తయారు చెయ్యాలి అని అడక్కు. ఎంత తగ్గించగలవు?" అన్నాడు. టేబులు ఫ్యాను బదులు 12 వోల్టుల మీద నేరుగా నడిచే చిన్న ఫ్యాను తీసుకుంటే 12 వాట్లతో సరిపోతుంది. మధ్యలో ఇన్వర్టరు దళారీ అక్కరలేదు. ఎనిమిది గంటలకు 96 వాటుగంటలు. అయిదు వాట్ల దీపం అయిదు గంటలు, 25. ఫోన్లు నాలుగూ కలిసి 60. ఇక అసలు సంగతి నెబ్యులైజరు. అది 120 వాట్ల యంత్రం, వినడానికి భయంగా ఉంటుంది గాని నడిచేది పావుగంట. 30 వాటుగంటలు, దళారీ వాటాతో 35. రాత్రికి రెండుసార్లు అనుకుంటే 70. అంతా కలిపితే 251. అంటే పావు యూనిట్టు!

ఆ రాత్రి అమ్మ ప్రాణానికి కావలసి వచ్చినది 35 వాటుగంటలు. దోమలు తోలడానికి నేను తగలేసినది 360. ఈ రెండు అంకెలూ కాగితం మీద పక్కపక్కన చూసినప్పుడు కాసేపు నాకు మాట రాలేదు.

"పావు యూనిట్టు కోసం ఇరవై వేలా! ఇంట్లో అది ఒకటి రెండు రూపాయల సరుకు కాదుటండీ?" అన్నది మా ఆవిడ. కాదనలేను. బజారులో నీళ్లు కొనుక్కున్నట్టే ఇదీను. ధర నీళ్లది కాదు, సీసాది. మరో మాట కూడా అన్నది: "ఇరవై వేలంటే రెండు గద్వాల చీరలు." గద్వాల పక్కన కాపురముండి ఈ మాట పడని మగవాడు లేడు గనుక దాన్ని దాటవేస్తున్నాను.

తీరా కొనడానికి బయలుదేరితే అంగడివాళ్లు నాకు తయారైన పెట్టె చూపించారు. అన్నీ అందులోనే ఉంటాయి, తీగ తగిలిస్తే చాలు. సౌఖ్యమే గాని నలభై వేలు దాటింది. అందులో ఒక్కటి చెడితే పెట్టె అంతా పంపాలి. అంచేత విడివిడిగా కొన్నాను. నాకైన ఖర్చు ఇది: 100 వాట్ల పలక 4,200, బ్యాటరీ 9,500, ఛార్జి కంట్రోలరు 900, ఇన్వర్టరు 3,800, ఫ్యాను 1,400, తీగలు, ఫ్యూజులు, కొక్కేలు వగైరా 1,350. వెరసి 21,150. ఊరినిబట్టి, రోజునుబట్టి ఇది అటూఇటూ కావచ్చు.

వీటిలో ఆలోచించవలసినది బ్యాటరీ ఒక్కటే. సీసపు బ్యాటరీ చవక. కాని దాన్ని సగానికి మించి తోడితే ఆయుర్దాయం తగ్గుతుంది. అంటే నా 250 వాటుగంటలకు 500 వాటుగంటల బ్యాటరీ కావాలి, సుమారు 42 ఆంపియరుగంటలన్నమాట. బరువు పదమూడు, పధ్నాలుగు కిలోలు. లిథియం ఐరన్ ఫాస్ఫేటు అని ఇప్పుడు మరో రకం వచ్చింది. నేను కొన్నది 12.8 వోల్టులు, 30 ఆంపియరుగంటలు, అంటే 384 వాటుగంటలు. అందులో ఎనభై పాళ్లు నిర్భయంగా తోడుకోవచ్చు, 307 వస్తాయి. బరువు నాలుగు కిలోలకు మించదు. సీసపుదానికి రెట్టింపు పైచిలుకు ధర, కాని దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువసార్లు నింపి తోడవచ్చు. నడుమునొప్పి ఉన్న నావంటి వాడికి ఆ పది కిలోల తేడా కూడా లెక్కలోదే. ఒక్క హెచ్చరిక: వేసవిలో అద్దాలు బిగించిన కారు లోపల ఏ బ్యాటరీనీ వదలకండి. ఆ వేడికి అది వడదెబ్బ తిన్న మనిషే.

పలక 12 వోల్టులదని అంగడిలో అంటారు గాని, ఎండలో అది 18 వోల్టులదాకా పోతుంది. దాన్ని నేరుగా బ్యాటరీకి కలిపితే పసిపిల్లవాడి నోట్లో బిందె కుమ్మరించినట్టు. అందుకే మధ్యలో కంట్రోలరు. ఇందులో చవకరకం ఒకటి, ఖరీదురకం ఒకటి. చవకది పలక వోల్టేజీని బ్యాటరీ స్థాయికి దించేసి మిగిలినది వదిలేస్తుంది, 100 వాట్ల పలక నుంచి డెబ్బై దాకా రాబడుతుంది. ఖరీదుది ఆ మిగిలినదాన్ని కూడా పనిలోకి తెస్తుంది. పెద్ద పలకలున్నవారికి ఖరీదుది లాభం. ఒక్క పలకకు చవకది చాలునని మిత్రుడి తీర్పు. లిథియం బ్యాటరీకి అమర్చుకునే మీట అందులో ఉన్నదో లేదో చూసి మరీ కొనాలి. ఇన్వర్టరు మాత్రం చవకలో పోకూడదు. ఇంటి కరెంటులా నునుపైన అల ఇచ్చేదే తీసుకోవాలి. మోటకరకం అల ఇచ్చేవాటి మీద మోటారు యంత్రాలు వేడెక్కి మూలుగుతాయి. ఇక బ్యాటరీ ఎర్ర తీగకు, బ్యాటరీని ఆనుకునే, ఫ్యూజు ఉండాలి. ఇది మరచినవారి కారు తగలబడితే ఆశ్చర్యం లేదు.

తెలుగు మేష్టరునన్నాను గనుక ఒక పిడకలవేట. పాఠ్యపుస్తకంలో దీన్ని సౌరఫలకం అంటారు. మా ఊళ్లో అంటే ఎవరికీ అర్థం కాలేదు. అందరూ సోలార్ ప్లేటు అంటారు. గొర్రెలకాపరి అద్దం అన్నాడు. నేను పలక అంటున్నాను. చిన్నప్పుడు ఎండలో ఆరబెట్టుకున్న పలక గుర్తుకు వస్తుంది. 1954లో అమెరికాలో బెల్ ప్రయోగశాలవారు సిలికాను పలకను లోకానికి చూపించినప్పుడు అది తన మీద పడ్డ ఎండలో ఆరు పాళ్లను మాత్రమే కరెంటుగా మార్చిందట. ఇప్పటివి ఇరవై పాళ్లు దాటాయి. ఆరు పాళ్ల లెక్కన నా 100 వాట్ల పలక కారు కప్పునంతా కప్పేది. ఇప్పుడు వీపు వెనుక దిండంత వెడల్పుతో డిక్కీలో ఇమిడిపోతుంది. మా ఊరి నుంచి కర్నూలు దాటి ఓర్వకల్లు వైపు పోతే గని, శకునాల గ్రామాల దగ్గర 2017లో పూర్తయిన సౌరవిద్యుత్ పార్కు ఉన్నది. వేల ఎకరాల్లో 1000 మెగావాట్లు. నాది అందులో కోటో వంతు. మా అబ్బాయి లెక్క వేసి మరీ చెప్పాడు.

ఈ ప్రాంతంలో మంచి ఎండరోజున పలకకు అయిదు గంటల నిండు ఎండ దక్కుతుంది. డెబ్బై వాట్ల చొప్పున 350 వాటుగంటలు. దుమ్మూ ధూళీ పోను 300 అనుకోండి. నా పావు యూనిట్టు వచ్చేసినట్టే. మబ్బుపట్టిన శ్రావణంలో దీనిలో మూడోవంతు వస్తే గొప్ప.

ఇంత విన్నాక మా అబ్బాయి ఒక ప్రశ్న వేశాడు. "నాన్నా, బ్యాటరీని ఇంట్లోనే ప్లగ్గుకు పెట్టి నింపుకుని పోతే, ఒక్క రాత్రికి పలకతో పనేముంది?" నిజమే! ఒక్క రాత్రి మకాంకు పలక అక్కరలేదు. నాలుగు వేలు మిగుల్చుకోవచ్చు. రెండోరోజు నుంచే పలకతో పని. ఈ మాట ఏ అంగడివాడూ నాకు చెప్పలేదు, అడగనిదే చెప్పడు కూడా. కనుక మీది ఒక్కరాత్రి ప్రయాణమైతే బ్యాటరీ, ఫ్యాను, దీపంతో ఊరుకోండి.

మా ఆవిడకు వేరే కోరిక ఉన్నది. ఇండక్షను పొయ్యి. పొగ ఉండదు, అత్తగారికి ఆయాసం రాదు. ఆలోచన మంచిదే. కాని ఆ పొయ్యి 2000 వాట్లు తాగుతుంది. అరగంట వంటకు ఒక యూనిట్టు, అంటే నా బ్యాటరీలు మూడు చాలవు. గ్యాసుపొయ్యి తీసుకుపోయాము. ఫ్రిజ్జు సంగతీ అంతే. కారులో పెట్టుకునే చిన్న ఫ్రిజ్జు రోజుకు 400 వాటుగంటలకు తక్కువ తినదు, దాని కోసం సరంజామా అంతా రెట్టింపు చెయ్యాలి. పెరుగు కోసం అంత అవసరం లేదు. తడిగుడ్డ చుట్టిన మట్టికుండ మా అమ్మమ్మకు తెలిసిన ఫ్రిజ్జే.

2025లో ఉగాది ఆదివారం వచ్చింది, మర్నాడు రంజాను. శనివారం బయలుదేరితే రెండు రాత్రులు. ఎక్కడికి పోదామంటే అమ్మ మళ్లీ సోమశిల అన్నది. మా ఆవిడ వద్దన్నది. "అక్కడే భయపడ్డాను గనుక అక్కడికే పోవాలి" అన్నది అమ్మ. ఆమెతో వాదించి నెగ్గినవాళ్లు లేరు. ఈసారి ఇన్‌హేలరు మూడుచోట్ల పెట్టాము, ఆమె కొంగుముడిలో సహా.

మొదటిరోజు పలక విషయంలో తెలివితక్కువ పని ఒకటి చేశాను. ఎండకు తాళలేక కారును చెట్టు కింద నిలిపి, పలకను కారు మీదే ఉంచాను. ఆకుల నీడ సన్నగా పడుతున్నదిగదా, ఏమవుతుందిలే అనుకున్నాను. పలకలోని గళ్లన్నీ ఒకదానికొకటి గొలుసుకట్టుగా ఉంటాయి. ఒక గడి మీద నీడపడితే దాని వెనుకవాళ్లంతా ఆగిపోతారు, గేటు దగ్గర ఒక ఎద్దు మొరాయిస్తే బళ్ల వరుసంతా నిలిచినట్టు. మధ్యాహ్నం రెండుగంటలకు చూస్తే కంట్రోలరులో అంకె సిగ్గుపడేటట్టున్నది. అప్పుడు పలకను దింపి, తీగ పొడుగ్గా లాగి, బయట నేల మీద దక్షిణం వైపు వాలుగా పెట్టాము. మన ప్రాంతం భూమధ్యరేఖకు పదహారు డిగ్రీల ఉత్తరాన ఉన్నది గనుక వాలూ అంతే చాలు, ఉత్తరపు అంచు జానెడు ఎత్తు లేపితే సరి. కింద గాలి ఆడాలి. పలకకు ఎండ కావాలి గాని వేడి గిట్టదు. కాగితం మీద ఈ రెండూ వేరని తెలిసినా, చేతికి చురుక్కుమన్నప్పుడే నాకు బోధపడ్డది. కారుకు నీడ, పలకకు ఎండ, మధ్యన అయిదు మీటర్ల తీగ. కొనేటప్పుడు ఈ తీగకు పిసినారితనం చెయ్యకండి, సన్నతీగలో దారిలోనే కరెంటు ఖర్చయిపోతుంది.

ఉగాదినాడు వేపపూత కోసం మా అబ్బాయి ఊళ్లోకి పోయి వచ్చాడు. పచ్చడి అక్కడే చేసుకున్నాము. ఎండ మాడిపోతున్నది. అమ్మ చెట్టుకింద కుర్చీలో కూర్చుని విసనకర్రతో విసురుకుంటూ, ఎండను, నన్ను, తన మొండితనాన్ని మార్చిమార్చి తిట్టింది. పలక మాత్రం తన పని తాను చేసుకుంటూ పోయింది. అయిదు గంటలకు కంట్రోలరు మీద పచ్చదీపం నిలిచింది. కడవ నిండింది.

ఆ రాత్రి రెండున్నరకు అమ్మ లేచి కూర్చున్నది. నాకు మెలకువగానే ఉన్నది. నిజం చెప్పాలంటే నేను ఆ రెండు రాత్రులూ పడుకోలేదు. "ఏమమ్మా?" అంటే తల ఊపింది. పోయిన ఏడాదంత కాదు గాని, ఛాతీలో అదే పిల్లికూత. ముందు స్పేసరుతో ఇన్‌హేలరు పీల్చింది. కొంత నయం. డాక్టరు చెప్పిన ప్రకారం నెబ్యులైజరు కూడా పెడదామని మీట మీద వేలు ఉంచాను. నొక్కడానికి నా చెయ్యి ఒక్క క్షణం వెనుకాడింది.

యంత్రం గర్రుమని మొదలుపెట్టింది. ఫ్యాను ఆగలేదు. దీపం కొద్దిగా కూడా తగ్గలేదు. పన్నెండు నిమిషాలు ఆ తెల్లని పొగమంచు అమ్మ ముక్కు దగ్గర తిరుగుతూ ఉన్నది. ఆ పన్నెండు నిమిషాలూ నేను ఆమె ముఖం చూస్తూ కూర్చున్నాను. మా అబ్బాయి టార్చితో బ్యాటరీ అంకె చూస్తూ కూర్చున్నాడు. "12.9 నాన్నా," అన్నాడు. ఇంకా సగానికి పైగానే ఉన్నదని దాని అర్థం. మా ఆవిడ కారు తాళంచెవి గుప్పిట్లో పట్టుకుని కూర్చున్నది. అది ఎప్పుడు తీసుకున్నదో నేను గమనించలేదు.

మందు అయిపోయాక అమ్మ మాస్కు తీసి, కాసేపు నీళ్ల వైపు చూసింది. ఆ ఏడు అటువైపు గొర్రెలమంద లేదు. అవతల ఒడ్డున ఏవో రెండు దీపాలున్నాయి.

"ఇదంతా మధ్యాహ్నపు ఎండేనా?" అన్నది.

"అవునమ్మా. పొద్దున నుంచి పట్టినదే."

"అయ్యో, పొద్దంతా దాన్ని తిట్టుకుంటూ కూర్చున్నాను గదరా!" అని, పక్క సవరించుకుని, "ఆ ఫ్యాను కాస్త ఇటు తిప్పు" అన్నది.